రిపోర్టులో ‘డెన్స్’ అని రాశారు, కంగారు పడాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 46 ఏళ్ళు. తణుకు దగ్గర పల్లెలో టీచర్ని. నెలసరి ఇంకా వస్తోంది. మా పిన్నికి 62వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది, వైద్యం చేయించుకుని ఇప్పుడు బాగానే ఉంది. ఆ భయంతో మొన్న రాజమండ్రి వెళ్ళి మామోగ్రామ్ తీయించుకున్నాను. రిపోర్టులో ‘హెటెరోజీనియస్లీ డెన్స్, ఏసీఆర్ టైప్ సి, బినైన్ కాల్సిఫికేషన్స్, బైరాడ్స్ 2’ అని ఉంది. మావారు ఫోన్లో ఏదో చదివి ‘రెండో స్టేజీ’ అని ఇల్లంతా కంగారు పెట్టేశారు. న్యూజెర్సీలో ఉన్న మా అక్కకి చెబితే, తనకీ మామోగ్రామ్ తర్వాత ‘మీ రొమ్ములు డెన్స్’ అని ఉత్తరం వచ్చిందట. అలా ఉంటే క్యాన్సర్ ఆరు రెట్లు ఎక్కువ వస్తుందని అంది. చేత్తో చూసుకుంటే నాకేమీ గట్టిగా తగలడం లేదు. రెండోవాడికి ఆరు నెలలకే పాలు మాన్పించేశాను, దానివల్ల ఇలా అయిందా? ఇది తగ్గడానికి మందులున్నాయా? ఎమ్మారై చేయించుకోవాలా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.
– పేరు వేయవద్దన్న పాఠకురాలు

సమాధానం: ముందు మీవారిని కూర్చోబెట్టి గ్లాసుడు మంచినీళ్ళివ్వండి. బైరాడ్స్ 2 అంటే రెండో స్టేజీ కాదు. స్టేజీ అన్న మాట సూదితో ముక్క తీసి, పరీక్షించి, క్యాన్సరేనని తేలాక వచ్చేది. మామోగ్రామ్ అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే, దాని రిపోర్టులో స్టేజీకి చోటే లేదు. ఫిల్ము చూసిన డాక్టరు, అంటే రేడియాలజిస్టు, తన అభిప్రాయాన్ని ఒక్క అంకెలో చెప్పే పద్ధతి పేరు బైరాడ్స్. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ పెట్టింది, మీ రిపోర్టులో ఏసీఆర్ అన్నది వాళ్ళనే. 0 అంటే ఇంకో పరీక్ష చేస్తేగాని చెప్పలేం. 1 అంటే ఏమీ లేదు. 2 అంటే ఏదో కనబడింది, అది క్యాన్సర్ కాదు. 3 అయితే ఆరు నెలలాగి మళ్ళీ చూద్దాం అని. 4, 5 అయితే సూది పరీక్ష. మీకొచ్చింది 2. 1 వచ్చిన ఆవిడ ఎంత ధైర్యంగా ఉండొచ్చో మీరూ అంతే ధైర్యంగా ఉండొచ్చు.

బినైన్ కాల్సిఫికేషన్స్ అని రాసింది, ఫిల్ము మీద సున్నం చిందినట్టు కనబడే చిన్న చిన్న చుక్కల గురించి. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో ఉంటాయి. ఈ మాట చదివి ఎముకల కోసం వేసుకుంటున్న కాల్షియం మాత్రలు మానేసిన వాళ్ళని చూశాను. మనం తినే కాల్షియానికీ ఈ చుక్కలకీ సంబంధం లేదు. మాత్రలు మానకండి.

ఇక అసలు సంగతి ఆ ‘టైప్ సి’. ‘హెటెరోజీనియస్లీ డెన్స్’ అన్నా అదే. మీ రిపోర్టులో నేనైతే ఎర్ర సిరాతో గీత గీసేది దాని కిందే. క్యాన్సర్ ఉందని కాదు. ఈ ఫిల్ము మీద ఎంతవరకు నమ్మకం పెట్టుకోవచ్చో చెప్పేది ఆ అక్షరమే.

రొమ్ములో కొవ్వుంటుంది, పాలగ్రంథులుంటాయి, వాటిని పట్టి ఉంచే పీచులాంటి కణజాలం ఉంటుంది. ఎక్స్‌రేలో కొవ్వు నల్లగా పడుతుంది. గ్రంథులూ పీచూ తెల్లగా పడతాయి. చిక్కేమిటంటే క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. చేటలో మినుములు పోసి ఏరుతుంటే తెల్లరాయి ఇట్టే దొరుకుతుంది. అదే రాయి బియ్యంలో ఉంటే? అమ్మమ్మలు వెలుతురున్న చోట కూర్చుని, చేట అటూ ఇటూ తిప్పి తిప్పి చూసేవాళ్ళు. అయినా ఒక్కోసారి పంటికింద పడేది. కొవ్వు ఎక్కువున్న రొమ్ము ఫిల్ము మినుముల చేట అయితే, డెన్స్ రొమ్ము ఫిల్ము బియ్యపు చేట. అంతకు మించి ‘డెన్స్’ అన్న మాటలో జబ్బేమీ లేదు.

ఆ తెలుపు ఎంత ఉందన్న దాన్నిబట్టి ఎ, బి, సి, డి అని నాలుగు రకాలు చేశారు. ఎ దాదాపు అంతా కొవ్వు, డి దాదాపు అంతా తెలుపు. అమెరికాలో 40 దాటిన ఆడవాళ్ళని వందమందిని తీసుకుంటే, ఎలో సుమారు పదిమంది, బిలో నలభై, సిలో నలభై, డిలో పదిమంది ఉంటారు. అంటే డెన్స్ అనిపించుకునే సి, డి రెండూ కలిపితే సగం మంది. సగం మందికి ఉన్నదాన్ని జబ్బని ఎలా అంటాం?

ఇంకో మాట. ఈ అక్షరం వేసేది కూడా మనిషి కన్నే. 2013 దాకా నూటికి ఇంత తెలుపుంటే ఇంత అని లెక్క ఉండేది. ఆ ఏడాది పద్ధతి మార్చి, చిన్న గడ్డని దాచగలిగేంత తెలుపు ఎక్కడైనా ఉంటే సి వేయమన్నారు. బికీ సికీ మధ్య గీత అంత గట్టిదేం కాదు. మీ ఫిల్మునే మరో రేడియాలజిస్టు చేతికిస్తే బి అనొచ్చు. పొద్దున నేను బి వేసిన ఫిల్ముని సాయంత్రం అలసిన కళ్ళతో చూసి సి అంటానేమో! వచ్చే ఏడాది మీ రిపోర్టులో బి అని వస్తే ‘తగ్గిపోయింది’ అని సంబరపడకండి, సి అనే వస్తే బెంగపడకండి.

చేత్తో చూసుకుంటే గట్టిగా లేదన్నారు. చేతికి తగిలే గట్టిదనానికీ ఈ డెన్సిటీకీ పొత్తు లేదు. మెత్తగా ఉన్న రొమ్ము ఫిల్ము మీద తెల్లగా పడొచ్చు, గట్టిగా తగిలేది నల్లగా పడొచ్చు. పెద్దదా చిన్నదా అన్నదీ అంతే. ఫిల్ము తీస్తే తప్ప తెలిసే మార్గం లేదు.

రెండోవాడికి పాలు ఆరు నెలలకే మాన్పించిన పాపం ఇది కాదు. మన ఆడవాళ్ళు ఒంట్లో ఏది తేడా వచ్చినా ముందు తమ తప్పేమిటా అని వెతుక్కుంటారు, అదో అలవాటు. కవలల మీద చేసిన పరిశోధన ఒకటి 2002లో వచ్చింది. మనిషికీ మనిషికీ మధ్య డెన్సిటీలో ఉండే తేడాలో సుమారు 60 శాతం పుట్టుకతో వచ్చిందేనని అందులో తేలింది. మీకూ మీ అక్కకూ ఇద్దరికీ డెన్స్ అని రావడంలో వింతేముంది? మీ ఇద్దరి ముక్కూ ఒకలాగే ఉందేమో, ఇదీ అలాగే. తక్కినదంతా వయసు, హార్మోన్లు, ఒంటి బరువు. నెలసరి ఆగిపోయాక గ్రంథులు తగ్గి కొవ్వు చేరుతుంది, చాలామందిలో ఫిల్ము నల్లబడుతూ వస్తుంది. మీకింకా నెలసరి వస్తోంది కాబట్టి సి అని రావడం వయసుకు తగ్గట్టే ఉంది. పిల్లలకి పాలివ్వడం వల్ల క్యాన్సర్ ముప్పు కొంత తగ్గే మాట నిజమే. ఆ లెక్కలోకి మీరు పెద్దవాడికిచ్చిన నెలలూ, చిన్నవాడికిచ్చిన ఆ ఆరు నెలలూ అన్నీ వస్తాయి.

సన్నగా ఉన్నవాళ్ళకి డెన్సిటీ ఎక్కువ కనబడుతుంది, ఎందుకంటే కొవ్వు తక్కువ. ఇది విని ‘అయితే నాలుగు కిలోలు పెరిగితే సరి’ అన్న ఆవిడా ఉంది. వద్దు తల్లీ! ఫిల్ము నల్లబడుతుందేమో గాని, నెలసరి ఆగిపోయాక ఒంట్లో ఉండే అదనపు కొవ్వే క్యాన్సర్ ముప్పుని పెంచుతుంది.

ఇప్పుడు మీ అక్క చెప్పిన ఆరు రెట్ల లెక్క. ఆవిడ అబద్ధం చెప్పలేదు. డెట్రాయిట్‌లో జాన్ వోల్ఫ్ అనే రేడియాలజిస్టు 1976లోనే, ఫిల్ము తెల్లగా ఉన్నవాళ్ళకి క్యాన్సర్ ఎక్కువ వస్తోందని గమనించి రాశాడు. మొదట్లో చాలామంది నమ్మలేదు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఆయన మాటనే నిలబెట్టాయి. క్యాన్సర్ పుట్టేది ఎక్కువగా పాలగొట్టాల లోపలి పొరలోని కణాల్లో. ఆ కణాలూ, వాటి చుట్టూ ఉండి వాటిని పెరగనిచ్చే కణజాలమూ ఎక్కువున్న చోట ముప్పు కాస్త ఎక్కువ. అయితే నాలుగు నుంచి ఆరు రెట్లు అన్న లెక్క ఎవరికీ ఎవరికీ మధ్య కట్టారో చూడాలి. ఫిల్ములో ముప్పాతిక వంతుకు పైగా తెల్లగా ఉన్నవాళ్ళని, పదో వంతు కూడా తెలుపు లేనివాళ్ళతో పోలిస్తే వచ్చిన అంకె అది. ఊళ్ళోకల్లా పొడుగాయన్ని, ఊళ్ళోకల్లా పొట్టాయన్ని పక్కపక్కన నిలబెట్టి కొలిచినట్టు. మనలో ఎక్కువమంది మధ్యలో ఉన్నవాళ్ళం. సగటు మనిషితో పోలిస్తే, డి ఉన్నవాళ్ళకి ముప్పు సుమారు రెండింతలు. మీలాంటి సి వాళ్ళకి, పదిమందికి వచ్చే చోట పన్నెండుమందికి వస్తుందన్నమాట. పెరుగుదల ఉంది, కాదనను. దీని కోసం నిద్ర మానుకోనక్కర్లేదనే నా ఉద్దేశం.

మీ పిన్ని విషయానికొస్తే, అమ్మకో అక్కచెల్లెళ్ళకో కూతురికో ఉంటే ముప్పు దాదాపు రెట్టింపు అని లెక్కేస్తాం. పిన్నికి, అదీ అరవై దాటాక వచ్చింది కాబట్టి మీ మీద పడే బరువు అంతకన్నా తక్కువ. ఒకవేళ అమ్మమ్మ వైపు గాని నాన్నగారి వైపు గాని చిన్నవయసులో రొమ్ము క్యాన్సర్, లేదా ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే అప్పుడు మాట వేరు. నాన్న వైపు లెక్కలోకి రాదని మనవాళ్ళలో ఒక అపోహ ఉంది. వస్తుంది. పండక్కి అందరూ కలిసినప్పుడు పెద్దవాళ్ళని అడిగి రాసి పెట్టుకోండి.

ముప్పు పెరగడం కన్నా నాకు ఎక్కువ పట్టేది ఆ బియ్యపు చేట సంగతి. 2003లో అమెరికాలో వేసిన ఒక పెద్ద లెక్క ప్రకారం, దాదాపు అంతా కొవ్వున్న రొమ్ముల్లో మామోగ్రామ్ వందలో 87 క్యాన్సర్లని పట్టుకుంది. బాగా డెన్స్ రొమ్ముల్లో 63 మాత్రమే. తక్కినవి ‘నార్మల్’ అన్న కాగితం చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాయి.

మీ అక్కకి ఉత్తరం రావడం వెనకున్నది ఈ అంకెలే. కనెక్టికట్ రాష్ట్రంలో నాన్సీ కపెల్లో అని విద్యాశాఖలో పనిచేసిన ఆవిడ ఉండేది. పదకొండేళ్ళపాటు ఏటా మామోగ్రామ్ తీయించుకుంది, ఏటా బాగుందనే చెప్పారు. 2004లో, మామూలుగా వచ్చిన మామోగ్రామ్ తర్వాత కొద్ది వారాలకే, డాక్టరు చేత్తో పరీక్షిస్తుంటే ఏదో తగిలింది. మామోగ్రామ్ మళ్ళీ తీసినా ఏమీ కనబడలేదు. అల్ట్రాసౌండ్‌లో కనబడింది. అప్పటికే చంకలోని 13 లింఫు గ్రంథులకి పాకింది. ఇన్నేళ్ళూ ఎందుకు కనబడలేదని అడిగితే, మీ రొమ్ములు డెన్స్ అన్నారు. ఆ మాట తనకి అంతకుముందు ఒక్కరూ చెప్పలేదు. ఆవిడ ఊరుకోలేదు. పట్టుబట్టి 2009లో కనెక్టికట్‌లో చట్టం తెప్పించింది, డెన్స్ అయితే ఆ మాట మనిషికి చెప్పి తీరాలని. ఒకదాని తర్వాత ఒకటిగా తక్కిన రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ఆవిడ 2018లో పోయింది. అమెరికా అంతటా ఈ నియమం 2024 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ మామోగ్రామ్ తీయించుకున్న ప్రతి ఒక్కరికీ డెన్స్ అవునో కాదో రాసి పంపాలి. మీ అక్కయ్య గారి చేతికొచ్చింది ఆ కాగితమే. ఆవిడకి ప్రత్యేకంగా ఏదో కనబడి పంపింది కాదు.

మన దగ్గర అలాంటి ఉత్తరం ఎవరూ పంపరు. అక్షరం మాత్రం రిపోర్టులో ఉంటుంది, ఇంగ్లీషులో, రెండో వాక్యంలో. చూసేవాళ్ళం కింద ‘ఇంప్రెషన్’ దగ్గరికి దూకి 1, 2 అని కనబడగానే ఫైలు మడిచేస్తాం. మీరు ఆ వాక్యం చదివి, అర్థం కాక, నాకు రాశారు చూడండి, చాలా మంచి పని చేశారు. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పడమటి దేశాలకన్నా సుమారు పదేళ్ళు ముందే వస్తోంది, నలభైల్లోనే చాలామందికి. ఆ వయసులో ఫిల్ములు తెల్లగానే ఉంటాయి. కాబట్టి ఈ అక్షరం అమెరికా వాళ్ళకన్నా మనకే ఎక్కువ కావాలి.

మరి ఏం చేయాలి? మీరైతే రెండు రొమ్ములకీ ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించుకోండి. రిపోర్టు ఇచ్చిన చోటే ‘డెన్స్ అన్నారు కదా, స్కాన్ కూడా చేస్తారా’ అని అడగండి. చాలా చోట్ల ఆ పూటే చేస్తారు. ఇందులో రేడియేషన్ లేదు. పాలగ్రంథులు తెల్లగా కనబడతాయి, క్యాన్సర్ గడ్డ ఎక్కువగా నల్లగా కనబడుతుంది. బియ్యంలో రాయికి ఎవరో మసి పూసినట్టు. దాని తకరారు కూడా చెప్పాలి. డెన్స్ రొమ్ములుండి ముప్పు కూడా ఎక్కువున్నవాళ్ళ మీద చేసిన పరిశోధనలో, మామోగ్రామ్‌కి తోడు అల్ట్రాసౌండ్ చేస్తే 1000 మందిలో మరో నాలుగు క్యాన్సర్లు దొరికాయి. కానీ అల్ట్రాసౌండ్‌లో మాత్రమే ఏదో కనబడి సూది వేయించుకున్న పదిమందిలో తొమ్మిదిమందికి అది క్యాన్సర్ కాదు. మీకూ ‘చిన్నదేదో ఉంది, సూది వేద్దాం’ అంటే, ఆ తొమ్మిదిమంది సంగతి గుర్తు చేసుకుని వేయించుకోండి.

ఎమ్మారై మీకు అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో 50 నుంచి 75 ఏళ్ళ లోపు, డి రకం ఉన్న నలభైవేల మంది మీద చేసిన పరిశోధన 2019లో వచ్చింది. ఎమ్మారైకి పిలిచిన గుంపులో, రెండు మామోగ్రామ్‌ల మధ్య బయటపడే క్యాన్సర్లు 1000కి 5 నుంచి 2.5కి తగ్గాయి. గొప్ప ఫలితమే. కానీ అది డి వాళ్ళ సంగతి. సి ఉండి, ఇంట్లో గట్టి చరిత్ర లేనివాళ్ళకి ఎమ్మారై ఖర్చూ, సూది మందూ, గొట్టంలో బోర్లా పడుకోవడమూ దండగ. మీ అక్కయ్య గారి కాగితంలో డెన్స్ అని మాత్రమే ఉంటుంది, అది సినో డినో ఆవిడని పూర్తి రిపోర్టు తెప్పించుకుని చూడమనండి. డి అయితే అక్కడి డాక్టరుతో ఎమ్మారై మాట ఎత్తవచ్చు.

మందుల గురించి అడిగారు. టామోక్సిఫెన్ వాడితే డెన్సిటీ తగ్గే మాట నిజం. అది ముప్పు బాగా ఎక్కువున్నవాళ్ళకి, క్యాన్సర్ వచ్చినవాళ్ళకి ఇచ్చే మందు, సి అన్న అక్షరం కోసం మింగేది కాదు. దీనికి తిరగేసిన సంగతి ఒకటి గుర్తుంచుకోండి. రేపు నెలసరి ఆగిపోయి, ఒళ్ళంతా వేడి సెగలు వస్తున్నాయని గైనకాలజిస్టు దగ్గరికి వెళితే హార్మోన్ మాత్రలు రాయవచ్చు. వాటితో డెన్సిటీ పెరుగుతుంది. అప్పుడు ఈ రిపోర్టు ఆవిడ ముందు పెట్టండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కొన్నేళ్ళ కిందట ఒకావిడ వచ్చింది, ఇంచుమించు మీ వయసే. మూడు నెలల కిందటి మామోగ్రామ్ నార్మల్. స్నానం చేస్తుంటే గడ్డ తగిలిందట. ‘మొన్ననే బాగుందన్నారు కదా’ అని ఇంట్లోవాళ్ళూ తనూ ఊరుకున్నారు. ఫిల్ము దీపం ముందు పెట్టి చూస్తే అంతా తెలుపే, ఎంత వెతికినా నాకూ ఏమీ దొరకలేదు. ‘ఎక్కడమ్మా’ అంటే, చూపుడువేలు తిన్నగా ఒకేచోట ఆనించింది. ఆ వేలు తీయించి అక్కడే అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టాను. నల్లగా, అంచులు చీలికలు చీలికలుగా ఉన్న గడ్డ. వేలు చెప్పింది, ఫిల్ము చెప్పలేదు. వైద్యం అయింది, మొన్న ఉగాదికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పింది. ఆ మూడు నెలలు ఊరికే పోయాయే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి గడ్డ తగిలినా, చంకలో బిళ్ళ కట్టినా, చర్మం సొట్టపడినా నారింజ తొక్కలా అయినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, దాన్నుంచి రక్తం కారినా, నిన్ననే వచ్చిన మామోగ్రామ్ నార్మల్ అని ఉన్నా సరే, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నొప్పి లేదు కదా అని ఆగకండి. క్యాన్సర్ గడ్డ ఎక్కువగా నొప్పి పుట్టదు. నెలసరి ముందు రెండువైపులా సలుపుతుంటే మాత్రం అది దాదాపు ఎప్పుడూ హార్మోన్ల పనే.

మామోగ్రామ్ దండగ అనుకుని మానేయకండి. మీకున్నవి కాదు గాని, మరో రకం సున్నపు చుక్కలు ఒక్కోసారి క్యాన్సర్ తొలిగుర్తు అవుతాయి. అలాంటివి అల్ట్రాసౌండ్‌కి సరిగా కనబడవు, ఫిల్ముకే కనబడతాయి. నెలసరి ఆగేదాకా ఏడాదికోసారి తీయించుకోమంటాను, కుదరకపోతే రెండేళ్ళు దాటనివ్వకండి. పాత ఫిల్ము మిషను కాకుండా డిజిటల్ ఉన్న చోటు చూసుకోండి, డెన్స్ రొమ్ముల్లోనూ 50 లోపు వాళ్ళలోనూ అదే బాగా పట్టుకుంటుందని 2005 నాటి పరీక్షల్లో తేలింది. త్రీడీ మామోగ్రామ్ అందుబాటులో ఉంటే ఇంకా మంచిది.

నెలసరి అయిన మరుసటి వారంలో వెళితే ఒత్తినప్పుడు నొప్పి తక్కువ. ఆ పొద్దున చంకల్లో పౌడరు, సెంటు వేసుకోకండి, ఫిల్ము మీద చుక్కల్లా పడి లేనిపోని అనుమానాలు తెచ్చిపెడతాయి. ఇప్పుడు తీసిన ఫిల్ములూ సీడీ కవరుతో సహా వచ్చేసారి పట్టుకెళ్ళండి. పాతది పక్కన పెట్టి చూస్తేనే కొత్తగా వచ్చిందేదో మాకు తెలిసేది. బీరువా పైన చుట్టగా చుట్టి పడేస్తే ఎండాకాలానికి అతుక్కుపోతాయి, పరుపు కింద పరిచినట్టు చదునుగా పెట్టండి.